లెక్క యడిగిన సభ్యుడు: పనప్పాకము ఆనందాచార్యులుగారు

శ్రీహరికోట యనగానే నేటి చదువరికి తోచునవి ఆకాశమున కెగయు రాకెట్లు. 1971వ సంవత్సరమున అచ్చట తొలి ప్రయోగము జరిగినది మొదలు ఆ చిన్న దీవి పేరు లోకమంతట వినబడుచున్నది. అంతకుముందు శతాబ్దమున ఆ దీవిని తలచినవారు వంటచెరకును బట్టియే తలచిరి. యానాదులు అడవిలో కొట్టిన కట్టెలు పడవల కెక్కి, పులికాటు సరస్సు దాటి, కాలువ వెంట దక్షిణముగా సాగి చెన్నపురి చేరెడివి. ఆ నగరమున పొయ్యి రాజవేసిన ఇల్లాలు తన చేతిలోని కట్టె యెచ్చటి యడవిదో యెరిగియుండునో లేదో! కట్టె కొట్టిన యానాదియు ఆ నగరమున తన్ను గూర్చి చేయబడుచున్న చట్టము లెట్టివో యెరుగడు.

ఆ దీవి చుట్టును ఉప్పునీరే. వేసవి యెండలకు నీరింకిన తావుల నేల తెల్లబారి ఉప్పు పేరును. కాని దొరతనమువారికి పన్ను చెల్లింపక ఆ ఉప్పును పిడికెడు తీసికొన్నను నేరమే. 1888వ సంవత్సరము జనవరి నెలలో ఆ పన్ను మణుగునకు రెండు రూపాయల నుండి రెండున్నర రూపాయల కెక్కినది. ఏ సభలోను చర్చ జరుగలేదు. ఏ సభ్యుడును ఎందుకని యడుగలేదు. కార్యనిర్వాహకుల ఉత్తరువొకటి వెలువడినది, అంతే. గంజిలో ఉప్పు వేసికొను ప్రతి యింటను ఆ అర్ధరూపాయి భారము పడినది. ఈ పన్ను ఎందుకు పెంచితిరి, వచ్చిన సొమ్ము ఎచ్చట వ్యయపరచితిరి అని యడుగుటకు దేశములో నెవ్వరికిని చట్టబద్ధమైన స్థానము లేకుండెను.

ఆ స్థానమును సంపాదించుటకు పాటుపడి, సంపాదించిన పిమ్మట అందు గూర్చుండి పనిచేసిన తొలితరమువారిలో మన చిత్తూరు సీమవా రొకరు గలరు. ఆయనయే పనప్పాకము ఆనందాచార్యులుగారు. కాంగ్రెసు అధ్యక్షుల పట్టికలో వీరి పేరు చదివినవారు కొందరుందురు. వీరు శాసనసభలో నేమి చేసిరో యెరిగినవారు బహుస్వల్పము. వీరి పేర వెలసిన గొప్ప చట్ట మొక్కటియు లేదు. అయినను వీరి చరిత్ర మన గృహములలో చదువదగినదని నా నమ్మకము. కారణము ముందు ముందు తెలియగలదు.

ఆనందాచార్యులుగారు 1843వ సంవత్సరమున చిత్తూరు పట్టణము ప్రక్కనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. నాటికి చిత్తూరు జిల్లా యనునది లేదు. అది 1911లో నేర్పడినది. ఆ సీమ యంతయు ఉత్తరార్కాటు జిల్లాలో చేరియుండెను. తరువాతి కాలమున విద్యావేత్తగాను, విమర్శకుడుగాను, శాసనసభ్యుడుగాను వాసికెక్కిన కట్టమంచి రామలింగారెడ్డిగారి దియు ఈ గ్రామమే. ఒక చిన్న పల్లె రెండు తరములలో ఇరువురు శాసనకర్తలను గన్నదని ఆ యూరివారు గర్వింపవచ్చును.

ఆచార్యులుగారు న్యాయశాస్త్రమును వృత్తిగా గైకొని చెన్నపురికి వెడలిరి. అచ్చట కాయలి వేంకటపతిగారను పేరుగాంచిన వకీలు కడ పని నేర్చుకొని, 1869లో తామును ఉన్నతన్యాయస్థానమున వకీలైరి. నాడు ఆ న్యాయస్థానమున పెద్ద వ్యాజ్యములన్నియు ఆంగ్ల బారిష్టర్ల పాలు. దేశీయులైన వకీళ్లు వారి వెనుక వరుసలో నిలువవలసినవారు. అట్టి కాలమున తెలివిచేతను వాగ్ధాటిచేతను ముందువరుసకు వచ్చినవారిలో ఆచార్యులుగారు లెక్కింపబడిరి. చెన్నపురి న్యాయవాదులు తమకొక సంఘమును స్థాపించుకొన్నప్పుడు వీరి గదియే దాని పురిటిల్లయినది.

వీరు ధనార్జనతో తృప్తిపడినవారు కారు. తిరువళ్లిక్కేణిలో సాహిత్యసంఘ మొకటి వీరి పూనికచేత నడచెను. యువకు లచ్చట గూడి వ్యాసములు చదువుకొని, వాదించుకొని, రాజకీయములను సయితము చర్చించుచుండిరి. 1878లో ముత్తుస్వామి అయ్యరుగారు ఉన్నతన్యాయస్థాన న్యాయమూర్తిగా నియమింపబడినప్పుడు ఆంగ్లేయుల పత్రికలు కొన్ని దేశీయునికి ఆ పదవి తగదని వ్రాసెను. దానికి బదులు చెప్పుటకు ఆ సంఘపు యువకులు ఒక రూపాయి పండ్రెండణాలు అప్పు తెచ్చి ఎనుబది ప్రతులతో ఒక పత్రికను వెలువరించిరి. అదియే నేటికిని నడచుచున్న హిందూ పత్రిక. ఆ యారుగురిలో రాజమహేంద్రవరమునకు చెందిన న్యాపతి సుబ్బారావు పంతులుగారు నుండిరి. ఆచార్యులుగారు ఈ యువకులకు పెద్దగా నిలిచి తోడ్పడిరి.

ఇచ్చట చదువరులు ఒక్క యడుగు వెనుకకు రావలెను. ఆచార్యులుగారికి ముందు ఈ త్రోవ తీసిన తెలుగువా డొకడుండెను. గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు 1806లో చెన్నపురిలో జన్మించిన వర్తకుడు. 1844లో క్రెసెంటు అను పత్రికను నెలకొల్పెను. 1852లో చెన్నపురి దేశీయసంఘమును స్థాపించెను. ఆ కాలమున శిస్తు వసూలు చేయుటకు రెవెన్యూ సిబ్బంది రైతులను హింసించుట వాడుక. వ్రేళ్లను చిడతల నడుమ నొక్కుట, మెడను కాళ్లకు వంచి కట్టి యెండలో నిలుపుట మొదలగు ఘోరకృత్యములు పల్లెపల్లెను జరుగుచుండెను. సెట్టిగారి సంఘము ఈ విషయమును లండను పార్లమెంటు చెవిని వేసినది. 1853లో డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యుడు చెన్నపురికి రాగా సెట్టిగారు ఆయనను జిల్లాలలో త్రిప్పి రైతుల నోటనే వారి కష్టములు వినిపించిరి. తత్ఫలితముగా 1854లో హింసావిచారణ సంఘము నియమింపబడెను. 1855లో వెలువడిన దాని నివేదిక హింస నిజమేయని యొప్పుకొన్నది.

ఇంతటి పని చేసినప్పుడు సెట్టిగారికి ఏ సభలోను స్థానము లేదు. అర్జీ యొక్కటే ఆయన ఆయుధము. 1863లో ఆయనను చెన్నపురి శాసనసభకు సభ్యునిగా నియమించిరి. అప్పటికి వార్ధక్యము పైబడినది. ఆస్తి ప్రజాకార్యములక్రింద కరగినది. 1868లో ఆయన గతించెను. సభలో కూర్చుండినను ఆయన కచ్చట ప్రశ్న యడుగు నధికారము లేదు. 1861వ సంవత్సరపు చట్టము సృష్టించిన శాసనసభలు ఎదుట బెట్టిన బిల్లును గూర్చి మాత్రమే మాటాడదగినవి. కొత్త పన్నుల బిల్లు వచ్చిననే గాని రాజ్యపు ఆదాయవ్యయముల ప్రసక్తి రాకూడదు. పాలకుల చర్యలను గూర్చి ప్రశ్నింపరాదు. బయట నిలిచి అర్జీ వ్రాసినవాడు లోపలికి వచ్చి నోరు గట్టుకొనవలసి వచ్చినది. ఆనందాచార్యుల తరమువారు ఈ విపరీతమును చక్కగా గ్రహించిరి.

అందుచేత వారి ప్రయత్నమంతయు సభల స్వభావమును మార్చుటకై సాగినది. 1884వ సంవత్సరమున చెన్నపురి మహాజనసభ స్థాపితమయ్యెను. పి. రంగయ్యనాయుడుగారు అధ్యక్షులు, ఎం. వీరరాఘవాచార్యులుగారును ఆనందాచార్యులుగారును కార్యదర్శులు. జిల్లాలలోని పెద్దలను పిలిపించి, శాసనసభల సంస్కరణము, న్యాయాధికారమును రెవెన్యూ యధికారమునుండి వేరుచేయుట మొదలగు విషయములను వారిచేత చర్చింపజేసిరి. మరుసటి యేడు డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెసు మొదటి సమావేశము జరిగినప్పుడు హాజరైన డెబ్బదిరెండుగురు ప్రతినిధులలో ఆచార్యులుగా రొకరు.

ఆ సమావేశమున వీరు బలపరచిన తీర్మానము గమనింపదగినది. లండనులో ఇండియా మంత్రికి సలహా చెప్పుటకై 1858లో ఒక ఆలోచనసభను ఏర్పరచియుండిరి. మన దేశమున ఉద్యోగము ముగించి స్వదేశమునకు మరలిన దొరలే అందు పెక్కురు. వారి జీతములును, ఆ మంత్రిగారి కార్యాలయపు ఖర్చులును మన దేశపు ఆదాయమునుండియే చెల్లుచుండెను. జీత మిచ్చువా డొకడు, పని చెప్పించుకొనువాడు వేరొకడు. ఈ సభను తీసివేయవలెనని కాంగ్రెసు కోరినది. ఆ కోరికను ఆచార్యులుగారు గట్టిగా సమర్థించిరి. మన సొమ్ము తినువాడు మనకు లెక్క చెప్పవలెను గదా! ఆయన రాజకీయజీవిత మంతటికిని ఈ యొక్క మాట సూత్రమువంటిది.

1891వ సంవత్సరము డిసెంబరులో నాగపురమున కాంగ్రెసు ఏడవసారి సమావేశమైనప్పుడు ఆచార్యులుగారు అధ్యక్షులుగా నెన్నుకొనబడిరి. దక్షిణదేశమునుండి ఆ పీఠ మెక్కినవారిలో వీరే ప్రథములు; తెలుగువారిలోను ప్రథములే. ఇన్ని భాషలు, ఇన్ని మతములు గల జనులు ఒక జాతి యెట్లగుదురని విరోధులు పరిహసించు కాలమది. ఒక ప్రభుత్వము క్రింద ఒకే విధమైన కష్టసుఖములకు లోబడి బ్రతుకువారు ఒక జాతియే యని వీరు తమ యుపన్యాసమున వాదించిరి. ఉప్పుపన్ను పెరిగినప్పుడు శ్రీహరికోట యానాదికిని బంగాళపు జాలరికిని నొకే దెబ్బ తగిలెను. ఆ మాటలోని సత్యమునకు అంతకంటె సాక్ష్యమేల?

మరుసటి సంవత్సరమే, అనగా 1892లో, శాసనసభల చట్టము సవరింపబడినది. కాంగ్రెసు కోరినదానిలో ఇది నాలుగవ పాలు కూడ కాదు. ఎన్నిక యను పదమే చట్టములో లేదు. రాష్ట్రసభలలోని అనధికార సభ్యులు ఒకరిని సిఫారసు చేయగా రాజప్రతినిధి వారిని తన సభకు నియమించునట్లు నిబంధనలలో నేర్పరచిరి. సభ్యులకు రెండు అధికారములు వచ్చినవి. ఒకటి, ఏటేట ఆదాయవ్యయ పట్టికను గూర్చి మాటాడుట. కాని దానిపై ఓటు లేదు. రెండవది, ప్రశ్న యడుగుట. కాని వచ్చిన జవాబుపై మరల ప్రశ్న వేయరాదు. సభలో అధికారుల సంఖ్యయే యెక్కువ గనుక దొరతనమువారు వలదన్నది నెగ్గుట కల్ల.

ఇట్టి సభకు ఆచార్యులుగారు 1895లో చెన్నరాష్ట్రము పక్షమున సభ్యులైరి. శీతకాలమున కలకత్తాలో సభలు జరుగును. పదునారుగురికి మించని అదనపు సభ్యులు. వారిలో దేశీయులు కొలదిమంది. ప్రజలచేత సిఫారసైనవారు ఇంకను కొలదిమంది. ఓడిపోవుట నిశ్చయమని తెలిసియు ప్రతి సంవత్సరమును అంత దూరము ప్రయాణము చేసి, లెక్కల పుస్తకములు తిరుగవేసి, ఉపన్యాసము సిద్ధపరచుకొని, వినుట కిష్టము లేనివారి యెదుట నిలిచి చెప్పుటకు ఎంత యోర్పు కావలెనో యోచింపుడు. గెలుపునందు ఉత్సాహము ఎవనికైన గలుగును. ఫలము కనబడని పనిని ఏండ్ల తరబడి శ్రద్ధతో చేయువారు అరుదు.

1898లో ఆ సభ యెదుటికి వచ్చిన ఒక బిల్లు దేశమంతటను కలవరము పుట్టించినది. అంతకుముందు సంవత్సరము పూనా నగరమున మహామారి ప్రబలగా, దాని నరికట్టు నెపమున సైనికు లిండ్లలో జొరబడి చేసిన యాగడములకు జనులు కుపితులైరి. అధికారియైన రాండు హత్య చేయబడెను. ఆ తరువాత తిలకుగారిని తన పత్రికలోని వ్రాతలకై రాజద్రోహనేరముపై విచారించి పదునెనిమిది నెలల శిక్ష వేసిరి. ఇంతటితో దొరతనమువారు తృప్తిపడక శిక్షాస్మృతిలోని రాజద్రోహపు సెక్షనును మరింత విశాలముగా వ్రాయించి, జాతుల మధ్య వైరము రేపుట యను మరియొక నేరమును కొత్తగా చేర్చిరి. దేశీయసభ్యులలో కొందరు దీని కభ్యంతరము చెప్పిరి. ఆచార్యులుగారును ఆ పక్షముననే నిలిచిరి. బిల్లు ఫిబ్రవరి నెలలో చట్టమైనది. ఆ సెక్షను స్వతంత్రభారతమునందును నిలిచియుండి, 2022లో సర్వోన్నతన్యాయస్థానము దాని యమలును నిలుపుదల చేయువరకు అమలులో నుండుట చూడగా, ఆనాడు లేదనినవారి దూరదృష్టి మనకు బోధపడును. లెక్క యడుగు నోటిని మూయుటకు రాజద్రోహ మను మాటకంటె సులభమైన మూత లేదు.

ఇక వీరి పేరు మన తిరుపతి సీమతో ముడిపడు విషయమునకు వత్తము. ఆచార్యులుగారు జన్మించిన 1843వ సంవత్సరమే తిరుమల దేవాలయపు చరిత్రలోను ఒక మలుపు. అంతవరకు కుంఫిణీవారు 1817వ సంవత్సరపు రెగ్యులేషనును బట్టి దేవాలయముల యాదాయవ్యయములను రెవెన్యూ బోర్డు ద్వారా తనిఖీ చేయుచుండిరి. క్రైస్తవ ప్రభుత్వమునకు హిందూదేవాలయముల యాజమాన్యమేల యని ఇంగ్లండులో నలజడి రేగగా వారు చేతులు దులుపుకొనిరి. తిరుమల దేవాలయము హాతీరాంజీ మఠమునకు చెందిన మహంతు సేవాదాసుగారి స్వాధీనమైనది. ఇతర దేవాలయము లనేకములు ధర్మకర్తల పాలబడినవి. 1863లో చేయబడిన ధర్మాదాయముల చట్టము ఈ విడుదలకు ముద్ర వేసినది. ఆ చట్టమునుబట్టి కొన్ని దేవాలయములపై సంఘములు ఏర్పడినవి గాని వాని సభ్యులు జీవితాంతము సభ్యులే. వంశపారంపర్యపు ధర్మకర్తలు గల దేవాలయములపై ఆ సంఘముల కధికారమే లేదు. సొమ్ము దుర్వినియోగమైనచో భక్తుడు తన ఖర్చుమీద వ్యాజ్యము వేసికొనవలెను.

చదువరులు దీని యర్థమును ఇంటిలో నుండి యాలోచింపవలెను. ఒక పేదరాలు ఏడాది పొడుగున ముడుపు గట్టి దాచిన రూపాయిని కొండకు తెచ్చి హుండీలో వేయును. దానిలో నెంత నైవేద్యమునకు, ఎంత సత్రమునకు, ఎంత వేదపాఠశాలకు పోయినదో ఆమె యడుగదు. అడుగుట పాపమని యామె తలపు. ఆ భక్తియే కొందరు ధర్మకర్తలకు కోటగోడ యైనది. మాన్యములు పరుల పాలయ్యెను, నగలు మారెను, వ్యాజ్యములు ఏండ్ల కొలది సాగెను. ఈ స్థితిని చక్కబరుపవలెనని చెన్నరాష్ట్రపు పెద్దలు మరల మరల ప్రయత్నించిరి. విచారణసంఘములు కూర్చుండినవి, చిత్తుబిల్లులు వ్రాయబడినవి, అన్నియు బీరువాల కెక్కినవి.

ఆనందాచార్యులుగారు రాజప్రతినిధి సభలో సభ్యులుగా నుండి, 1863వ సంవత్సరపు చట్టమును సవరించుటకు తామే యొక బిల్లును ప్రతిపాదించిరి. వీరు స్వయముగా వైష్ణవకుటుంబమున బుట్టినవారు; దేవాలయమునందు భక్తి లేక ఈ పనికి గడగినవారు కారు. భక్తి గలవాడే దేవుని సొమ్మునకు లెక్క యడుగవలెనని వీరి తలంపు. దొరతనమువారో, 1858లో రాణిగారు మతవిషయములలో జోక్యము కలిగించుకొనమని ప్రకటించిరి గదా యను నెపమును వదలలేదు. ఉప్పుమీద పన్ను వేయుటకు అడ్డురాని సంకోచము దేవాలయపు లెక్కలు చూచుటకు వచ్చినది. బిల్లు చట్టము కాలేదు.

ఇది యోటమియేనా? నిజముగా నోటమియే; దానిని కప్పిపుచ్చ నక్కరలేదు. ఆచార్యులుగారు 1907లో సూరతు నగరమున కాంగ్రెసు రెండుగా చీలుట జూచి, మితవాదుల పక్షమున నిలిచి, 1908లో గతించిరి. రాయ్ బహదూరు బిరుదమును, సి.ఐ.ఇ. గౌరవమును వారికి దక్కినవి. కోరిన చట్టము దక్కలేదు. వారి పద్ధతి యందు లోపములును లేకపోలేదు. సభలోని సద్వాదము పాలకుల మనస్సు మార్చునని వారు మితిమీరి నమ్మిరి. వారు కోరిన ఎన్నికలలో ఓటు కలవారు చదువుకొన్నవారు, ఆస్తిపరులు మాత్రమే. కట్టె కొట్టిన యానాదికి గాని, పొయ్యి వెలిగించిన యిల్లాలికి గాని ఆ లెక్కలో చోటు లేదు.

అయినను విత్తనము ఎచ్చట మొలచునో విత్తినవానికి తెలియదు. 1921లో చెన్నరాష్ట్రమునకు ప్రధానమంత్రి యైన పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజాగారు, మన శ్రీకాళహస్తిలో జన్మించినవారే. ఆయన ప్రభుత్వము 1922లో హిందూ ధర్మాదాయముల బిల్లును ప్రవేశపెట్టగా పెద్ద వివాదములు చెలరేగినవి. ఎట్టకేలకు 1925లో అది చట్టమైనది. దేవాలయముల లెక్కలను తనిఖీ చేయుటకు ఒక బోర్డు ఏర్పడినది. కట్టమంచివాడు అడిగి కాదనిపించుకొన్నది కాళహస్తివాడు సాధించెను. పక్షములు వేరు, కాలములు వేరు, ప్రశ్న యొక్కటియే. 1933లో ప్రత్యేకచట్టము ద్వారా తిరుమల దేవాలయపు పాలనము మహంతుల చేతినుండి దేవస్థానముల కమిటీకి వచ్చినది. సేవాదాసుగారి కప్పగించిన నాటినుండి తొంబది యేండ్లు గడచినవి.

ఇంకొక ఫలము మన గృహిణులు ముఖ్యముగా తెలిసికొనదగినది. 1927లో చెన్నరాష్ట్ర శాసనసభకు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు సభ్యురాలైరి. ఆ సభలో ప్రథమ స్త్రీసభ్యురాలు ఆమెయే. దేవాలయములలో బాలికలను దేవదాసీలుగా సమర్పించు నాచారమును మాన్పుట కామె కంకణము గట్టుకొనిరి. దేవదాసీల జీవనము మాన్యభూములతో ముడిపడియుండెను; సేవ మానినచో భూమి పోవును. కావున ఆ యాచారమును విడువదలచిన స్త్రీకిని విడుదల లేకుండెను. 1929లో ఆమె సాధించిన సవరణము ఆ మాన్యములను సేవనుండి విడదీసి ఆ స్త్రీలకే దక్కునట్లు చేసినది. ఆ సవరణము ఏ చట్టమునకు? ధర్మాదాయముల చట్టమునకే. దేవాలయపు ఆస్తి ప్రజాశాసనమునకు లోబడినదను సూత్రము మొదట స్థిరపడకున్నచో ఆమెకు పట్టుకొమ్మ దొరకెడిది కాదు. పుణ్యక్షేత్రపు జమాఖర్చులను గూర్చిన పొడి సంగతి యని కొందరు నవ్విన ప్రశ్న, కడపట కొందరాడుబిడ్డల బ్రతుకులకు వాకిలి తెరచినది.

ఉప్పుపన్నును గూర్చియు నొకమాట. శాసనసభలలోని దేశీయసభ్యులు ఆదాయవ్యయ చర్చల సందర్భమున ఆ పన్ను తగ్గింపుమని యడుగుట మానలేదు. వారికి ఓటు లేదు. అయినను అడిగినది అచ్చులో పడును, పత్రికలలో వచ్చును, లండనులో చదువబడును. 1903లో పన్ను మణుగునకు రెండు రూపాయలకు దిగినది; 1905లో ఒకటిన్నరకు, 1907లో ఒక రూపాయికి దిగినది. ఇది వారి ప్రశ్నలచేతనే జరిగినదని నేను చెప్పను. ఖజానాలో మిగులు లేనిదే దొరలు తగ్గించియుండరు. అయినను మిగులు వచ్చినప్పుడు ముందుగా ఏ భారము దించవలెనో దేశమునకు పలుమారు వినిపించినవారు వీరు.

2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు శ్రీహరికోటయు తిరుమల కొండయు ఒకే తిరుపతి జిల్లాలో చేరినవి. ఒకచోట ప్రజలధనముతో రాకెట్లు నిర్మింపబడుచున్నవి. ఒకచోట భక్తులధనముతో అన్నదానములు, పాఠశాలలు, వైద్యశాలలు నడచుచున్నవి. రెండింటి లెక్కలును నేడు సభల యెదుటికి రాగలవు. అడుగు నధికారము ఓటు గల ప్రతి స్త్రీకిని పురుషునకును కలదు. ఈ యధికారము ఆకాశమునుండి ఊడిపడినది కాదు. సెట్టిగారివంటివారు అర్జీ వ్రాసి, ఆచార్యులుగారివంటివారు జవాబుపై మరుప్రశ్న వేయరాని సభలో నిలిచి ప్రశ్నించి, తరువాతివారు చెరసాలల కేగి సంపాదించి పెట్టినది.

మన పిల్లలకు చట్టములను గెలిపించినవారి కథలు చెప్పుచున్నాము. బిల్లు నోడిన సభ్యుని కథయు చెప్పుదము. మన యూరి పంచాయతి యందో, దేవాలయమునందో, పాఠశాల సంఘమునందో లెక్క యడుగవలసి వచ్చినప్పుడు, అడిగినవానిని తుంటరి యని మనమే వెక్కిరించుచున్నాము. ఇంటిలో అంగడి చిట్టా సరిచూచుకొను ఇల్లాలు వెలుపల ఆ పని తనది కాదనుకొనుచున్నది. ఆమె అడుగ నారంభించిన నాడు, కట్టమంచిలో బుట్టి కలకత్తాలో పలుమారు ఓడిన ఆ సభ్యుని శ్రమ సంపూర్ణముగా ఫలించినట్లగును.